అంకె సరే, పద్దు ఏది?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది దయాధర్మం కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని మనందరికీ ధైర్యం వచ్చిన రోజు. అందుచేత నేను డి.ఎ. బకాయిల గురించో, వైద్య బిల్లుల గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా మాట్లాడేవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు మాత్రం, "ఆ వాటర్ ట్యాంకు సంగతి చెప్పండి, మిగతా కాలనీల వాళ్లకి కూడా పనికొస్తుంది" అన్నారు. అందుకని ఒక ఇంజనీరింగు విషయం మాట్లాడే సాహసం చేస్తున్నాను. నేను ఇంజనీరును కాను. 1973లో జూనియర్ అసిస్టెంటుగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా దిగిన గుమాస్తాను. ఎక్కడన్నా తప్పు మాట్లాడితే సభలో ఉన్న ఇంజనీరు మిత్రులు వెంటనే సరిదిద్దాలి.

మా కాలనీలో గుండ్రటి కాంక్రీటు ట్యాంకు ఒకటి ఉంది. స్తంభాల మీద నిలబెట్టినది. అడ్డంగా పది మీటర్లు, గోడ మందం ఇరవై సెంటీమీటర్లు, లోపల నీరు నాలుగు మీటర్ల లోతు. లెక్క వేస్తే మూడు లక్షల లీటర్ల పైచిలుకు. దాని కిందే పిల్లలు ఆడుకునే చోటు, సాయంత్రం మనలాంటివాళ్లు కూర్చునే సిమెంటు బల్లలు. ఇళ్లు పెరిగాయి, నీళ్లు చాలడం లేదు. రెండేళ్ల క్రితం సంఘం వాళ్లు ట్యాంకు గోడ మరో మీటరు పెంచుదామన్నారు. అప్పటికే గోడ మీద వెంట్రుకంత సన్నని పగుళ్లు ఉన్నాయి. అన్నీ నిలువు పగుళ్లే. చెమ్మ గీతలు దూరానికి కూడా కనబడేవి. అందుకని ముందు ఒక సంస్థ చేత పరీక్ష చేయిద్దామని తీర్మానించారు. కాగితాల పని తెలిసినవాణ్ణని నన్ను సంఘానికి కార్యదర్శిని చేశారు.

నలభై పేజీల నివేదిక వచ్చింది. అట్ట మీద ట్యాంకు బొమ్మ, లోపల రంగురంగుల పటాలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఎరుపైతే ఎక్కువ శ్రమ, నీలమైతే తక్కువ శ్రమ అని పక్కన గుర్తులు. చివర ఒక పట్టిక. గోడ పెంచి, అయిదు మీటర్ల నీరు నింపినా గోడలో వచ్చే ప్రతిబలం చదరపు సెంటీమీటరుకు అర కిలో కూడా లేదని, అనుమతించిన హద్దుకు ఎంతో లోపలే ఉన్నదని, పని మొదలు పెట్టవచ్చునని ముగింపు. కమిటీ సభ్యులంతా సంతకాలు చేశారు. నా సంతకం ఒక్కటే మిగిలింది.

ముప్పై అయిదేళ్ల అలవాటు అంత తొందరగా పోదు కదండీ. బిల్లు చేతికొస్తే మొత్తం కంటే ముందు పైన ఉన్న పద్దు చూడడం మనకు అలవాటు. పట్టికలో అంకెల గడి పైన "ఎస్. ఎక్స్." అని రెండక్షరాలున్నాయి. అదేమిటో నాకు తెలియలేదు. అనుబంధంలో ఉన్న పటం చూశాను. ట్యాంకుకు ఉత్తరం వైపు, దక్షిణం వైపు ఎర్రగా ఉంది. తూర్పు వైపు, పడమర వైపు నీలంగా ఉంది. కింద చిన్న అక్షరాలతో "ఎర్రటి చోట్లు స్థానికమైనవి, పట్టించుకోనవసరం లేదు" అని రాసి ఉంది. ట్యాంకు గుండ్రంగా ఉంది. నీరు అన్ని వైపులా ఒకే మాదిరిగా నెడుతుంది. మరి ఉత్తరానికి ఒక న్యాయం, తూర్పుకి ఒక న్యాయం ఏమిటి? ఇదే మాట కమిటీలో అడిగితే ఒక మిత్రుడు, "ఉత్తరం కుబేర స్థానం కదండీ, బరువు అటే ఉంటుంది" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాఫీ తాగబోతూ కూడా ఆ పిల్లలు ఆడుకునే చోటే గుర్తుకొచ్చేది.

సంక్రాంతికి మా మనవరాలు వచ్చింది. ఎం.టెక్. చదివి, బాయిలర్ల వంటి పాత్రలకు డిజైన్లు చేసే కంపెనీలో పని చేస్తోంది. నివేదిక ఇచ్చాను. అయిదు నిమిషాలు తిరగేసి, "తాతయ్యా, దీని మీద సంతకం పెట్టలేదు కదా?" అంది. ఆ మాట విన్నాక నాకు చెమటలు పట్టాయి. "లేదమ్మా" అన్నాను. "అయితే మంచిది. అమ్మమ్మ గాజు ఒకటి పట్రా, చెబుతాను" అంది.

ఆమె చెప్పింది చెప్పేముందు ఈ పద్ధతి ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. దీన్ని ఇంజనీర్లు ఫైనైట్ ఎలిమెంట్ ఎనాలిసిస్ అంటారు. తెలుగు పుస్తకాల్లో పరిమిత మూలక విశ్లేషణ అని రాస్తారు. పేరు పెద్దది గాని, మన సర్వే శాఖ మిత్రులకు ఇందులో మూల సూత్రం తెలిసిందే. వంకర టింకర గట్లున్న చేను విస్తీర్ణం ఒకేసారి కట్టలేం. దాన్ని త్రికోణాలుగా విడగొట్టి, ఒక్కొక్కదాని లెక్క కట్టి, అన్నీ కూడుతాం. అలాగే ఒక వంతెననో, విమానం రెక్కనో, ట్యాంకునో కంప్యూటరులో వేలకొద్దీ చిన్న ముక్కలుగా విడగొడతారు. ఒక్కొక్క ముక్క ఎంత సాగుతుందో, పక్క ముక్కను ఎంత లాగుతుందో సమీకరణాలు రాసి, అన్నిటినీ కలిపి పరిష్కరిస్తారు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు విమానాల నిర్మాణం కోసం ఈ పద్ధతి మీద వ్యాసం ప్రచురించారు. 1960లో ఆ క్లఫ్‌గారే దీనికి ఫైనైట్ ఎలిమెంట్ అనే పేరు పెట్టారు. ఈ రోజున కారు బానెట్టు నుంచి, మనలో కొందరు పెట్టించుకున్న కృత్రిమ మోకాలి కీలు దాకా ఈ లెక్క తోనే పరీక్షిస్తారు.

ఇక ప్రతిబలం. డాక్టరుగారు మనకు తగ్గించుకోమని చెప్పే స్ట్రెస్ వేరు, ఇది వేరు. తాడును లాగితే తాడు లోపల కూడా ఒక లాగుడు పుడుతుంది. ఆ లాగుడును తాడు మందానికి పంచితే వచ్చేదే ప్రతిబలం. చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలు అని చెబుతారు. తాడైతే ఒకటే దిక్కు, గొడవ లేదు. గోడ అయితే అదే చోట అడ్డంగా ఒక లాగుడు, నిలువుగా ఇంకో లాగుడు, మందంలోకి ఒక నొక్కుడు ఉండవచ్చు. కాబట్టి ఒక చోట ప్రతిబలం ఇంత అంటే సరిపోదు. ఏ దిక్కున ఇంత అని చెప్పాలి.

ఇప్పుడు గాజు సంగతి. మా మనవరాలు గాజును బల్ల మీద పెట్టి, "ఇది ట్యాంకు గోడ అనుకో. లోపలి నుంచి నీరు నెడుతుంటే గాజు పెద్దదవుదామని చూస్తుంది. అంటే చుట్టు పొడుగునా సాగుతుంది. దీన్ని మేము హూప్ స్ట్రెస్ అంటాం" అంది. ఇది మన పల్లెల్లో బండి చక్రానికి వేసే ఇనుప పట్టా లాంటిదే. కమ్మరి పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోస్తాడు. అది చల్లబడి ముడుచుకుందామంటే చెక్క అడ్డం వస్తుంది. పట్టా చుట్టు పొడుగునా బిగుసుకుంటుంది. దాన్ని చుట్టు లాగుడు అందాం.

"సరే, ఇప్పుడు గాజుకి తూర్పు కొస దగ్గర వేలు పెట్టు. అక్కడ గాజు ఏ దిక్కుగా పోతోంది?" అని అడిగింది. ఉత్తర దక్షిణాలుగా పోతోంది. "ఉత్తరపు కొస దగ్గర?" అక్కడ తూర్పు పడమరలుగా పోతోంది. "ఎక్స్ అంటే ఈ నివేదికలో తూర్పు పడమర దిక్కు. తూర్పు కొస దగ్గర తూర్పు పడమర లాగుడు ఎంత అని అడిగితే కంప్యూటరు ఏం చెబుతుంది? అక్కడ గాజు ఆ దిక్కున లేనే లేదు. గోడ మందంలోకి నీరు నొక్కే నొక్కుడు మాత్రమే ఆ దిక్కున ఉంది. అది కొంచెమే. అందుకే అర కిలో కూడా రాలేదు. అదే ఉత్తరపు కొస దగ్గర అడిగితే చుట్టు లాగుడు మొత్తం ఎక్స్ కిందే కనబడుతుంది. అందుకే అక్కడ ఎరుపు. ట్యాంకు అంతా ఒకే మాదిరిగా శ్రమ పడుతోంది తాతయ్యా. పటం మాత్రమే నాలుగు రకాలుగా చూపిస్తోంది."

మరి ఈశాన్యం మూలన ఎంత అని అడిగాను. అక్కడ చుట్టు లాగుడులో దాదాపు సగం ఎక్స్ కింద, దాదాపు సగం వై కింద చేరుతాయట. ఆ రెండూ కాక కోత ప్రతిబలం అనే మరో పద్దు కింద ఇంకొంత కనబడుతుందట. నిజానికి అక్కడ జరిగేది ఒక్కటే లాగుడు. కొలిచే దిక్కులు దానికి ఏటవాలుగా ఉన్నందువల్ల మూడు పద్దుల్లోకి చీలింది.

పట్టికలో అంకె తప్పు కాదు. కూడిక తప్పు కాదు. కంప్యూటరు అడిగినదానికి సరిగ్గానే జవాబు చెప్పింది. పద్దు తప్పు. ఆ కుర్ర ఇంజనీరు ట్యాంకుకు నిచ్చెన ఉన్న తూర్పు గోడ వెంబడి అంకెలు తీసుకుని, గుండ్రటి గోడకు చదును గోడ శీర్షిక పెట్టాడు.

మరి సరైన పద్దు ఏది? గుడిలో ప్రదక్షిణం చేసే మనిషిని తలచుకోండి. తూర్పున బయలుదేరి దక్షిణానికి, పడమరకు, ఉత్తరానికి తిరిగి వస్తాడు. అడుగడుగుకూ అతను నడిచే దిక్కు మారుతూ ఉంటుంది. కాని గర్భగుడి ఎప్పుడూ అతనికి కుడివైపే. గుండ్రటి వస్తువులకు అలాంటి కొలతే వాడాలి. మధ్య గీత నుంచి బయటికి పోయేది ఒక దిక్కు. ప్రదక్షిణంగా చుట్టూ తిరిగేది ఒక దిక్కు. నిలువుగా పోయేది ఒక దిక్కు. ఇంజనీర్లు దీన్ని సిలిండ్రికల్ కోఆర్డినేట్ సిస్టమ్ అంటారు. లెక్క మళ్లీ చేయనక్కరలేదు. వచ్చిన ఫలితాలనే ఈ దిక్కుల్లోకి మార్చి చూపించమని కంప్యూటరును అడిగితే చాలు. అప్పుడు పటంలో ఎరుపు ఒక పక్కనే కాక, మొలతాడు మాదిరిగా ట్యాంకు చుట్టూ కనబడుతుంది.

ఇది గుండ్రటి ట్యాంకుకు సరే, హెల్మెట్టు లాగానో కారు బానెట్టు లాగానో ఒక మధ్య గీత లేని వంపు అయితే ఎలా అని అడిగాను. అక్కడ ఒక్కొక్క ముక్కకు దాని సొంత దిక్కులు ఉండాలట. ఉపరితలానికి నిటారుగా బయటికి ఒకటి, ఉపరితలం వెంబడి రెండు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. చాలా ప్రోగ్రాముల్లో ముక్క మూలలకు ఏ వరుసలో అంకెలు వేశామో దాన్నిబట్టి ఆ సొంత దిక్కు నిర్ణయమవుతుంది. పక్కపక్క ముక్కల్లో ఒకదాని దిక్కు అడ్డంగా, ఇంకోదాని దిక్కు నిలువుగా ఉండవచ్చు. చూడకుండా రెండిటికీ సగటు కడితే రూపాయలూ కిలోలూ కలిపి కూడినట్టే. ముందు అన్ని ముక్కలకూ ఒకే వరుసలో దిక్కులు సర్ది, ఆ తరువాతే సగటు కట్టాలి.

మరో సంగతి. గోడకు రెండు ముఖాలున్నాయి. ట్యాంకు గోడ అడుగు భాగం నేల పలకతో కలిసిపోయి ఉంటుంది. నీరు గోడను బయటికి నెడుతుంటే అడుగు కదలదు. అందువల్ల అడుగున గోడ వంగి, లోపలి ముఖం నిలువుగా లాగబడుతుంది, బయటి ముఖం నొక్కబడుతుంది. ఒకే చోట, ఒకే దిక్కున, ఒక ముఖం మీద లాగుడు, ఇంకో ముఖం మీద నొక్కుడు. కాబట్టి దిక్కుతో పాటు ఏ ముఖం అనేది కూడా అడగాలి.

ఈ తలనొప్పి లేకుండా అన్నీ కలిపి ఒకే అంకె చెప్పే పద్ధతి లేదా అంటే, ఉంది. వాన్ మిసెస్ ప్రతిబలం అంటారు. రిచర్డ్ వాన్ మిసెస్ అనే శాస్త్రజ్ఞుడు 1913లో ప్రకటించిన సూత్రం. ఉక్కు ఎప్పుడు లొంగుతుందో చెప్పడానికి అది చాలా మంచిది. కాని అందులో దిక్కు ఉండదు, లాగుడో నొక్కుడో తెలియదు. ఎప్పుడూ కూడిక గుర్తే. కాంక్రీటు సంగతి వేరు. నొక్కితే గట్టిగా నిలబడుతుంది, లాగితే దాని బలం నొక్కుడు బలంలో సుమారు పదో వంతే. లాగుడును మోయడానికే లోపల ఇనుప చువ్వలు వేస్తారు. చువ్వ ఏ దిక్కున వేశామో ఆ దిక్కునే పని చేస్తుంది. అందుచేత కాంక్రీటు ట్యాంకుకు దిక్కు చెప్పని అంకెతో పని జరగదు.

ఇంతా చెప్పి మా మనవరాలు, "ఇదంతా కంప్యూటరు లేకుండానే నువ్వు సరిచూడొచ్చు" అంది. కాగితం మీద చేయించింది. మీరూ చేయవచ్చు. ట్యాంకును నిలువుగా సగానికి కోశామనుకోండి. నాలుగు మీటర్ల లోతున నీటి ఒత్తిడి చదరపు మీటరుకు నాలుగు టన్నులు. అక్కడ మీటరు ఎత్తు పట్టీ తీసుకుంటే, రెండు సగాలనూ విడదీసే బలం నాలుగును అడ్డుకొలత పదితో హెచ్చవేస్తే వస్తుంది. నలభై టన్నులు. దాన్ని పట్టుకునేవి కోసిన చోట ఉన్న రెండు గోడలు. ఒక్కొక్క గోడకు ఇరవై టన్నులు. అయిదు మీటర్లయితే పాతిక టన్నులు. ఇరవై సెంటీమీటర్ల మందానికి పంచితే చదరపు సెంటీమీటరుకు పన్నెండున్నర కిలోలు. అడుగు పలక కొంత బరువు పంచుకుంటుంది కనుక నిజంగా వచ్చేది ఇంతకంటే తగ్గుతుంది. ఎంత తగ్గినా అర కిలో కావడం మాత్రం అసాధ్యం.

ఇదే సూత్రంతో మూతలున్న గొట్టపు పాత్రలో చుట్టు లాగుడు, పొడుగు లాగుడుకు రెట్టింపు ఉంటుందని తేలుతుంది. నీటి గొట్టం పగిలితే పొడుగునా చీలేది అందుకే. పగులు ఎప్పుడూ లాగుడుకు అడ్డంగా వస్తుంది. మా ట్యాంకు మీద పగుళ్లన్నీ నిలువుగా ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. నలభై పేజీల నివేదిక చెప్పని మాట ఆ గోడ అప్పటికే చెబుతోంది. మేమే వినలేదు.

చేతి లెక్క విలువ ఎంతో చెప్పడానికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. నార్వే దేశంలో సముద్రం మీద చమురు తీసే వేదిక కోసం స్లైప్నర్ ఎ అనే భారీ కాంక్రీటు నిర్మాణం కట్టారు. అడుగున గుండ్రటి అరలు, మొత్తం ఇరవై నాలుగు. 1991 ఆగస్టు 23న స్టవాంగర్ నగరం దగ్గర సముద్రపు పాయలో దాన్ని పరీక్షగా నీటిలోకి దింపుతుండగా ఒక అర గోడ పగిలి, నిర్మాణమంతా మునిగిపోయింది. సుమారు 70 కోట్ల డాలర్ల నష్టం. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, గుండ్రటి అరలు కలిసే చోట కంప్యూటరు లెక్కలో ముక్కలు సరిగా వేయలేదు. అందువల్ల అక్కడి కోత ప్రతిబలాన్ని 47 శాతం తక్కువగా లెక్క కట్టారు. దానికి తోడు చువ్వలు కూడా చాలినంత దూరం పోలేదు. తరువాత జాగ్రత్తగా లెక్క వేస్తే 62 మీటర్ల లోతున పగలాలని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. ఇది మా ట్యాంకు మాదిరి దిక్కు పొరపాటు కాదు. కాని పాఠం ఒకటే. రంగుల పటం ఎంత అందంగా ఉన్నా, వంపు తిరిగిన చోట, గోడలు కలిసే చోట మనిషి ఆగి మళ్లీ లెక్క చూసుకోవాలి.

ఇక మా కథ ముగింపు. సంస్థకు మర్యాదగా ఒక ఉత్తరం రాశాను. "పట్టికలో ఎస్. ఎక్స్. అనగా ఏ దిక్కు? గుండ్రటి గోడకు చుట్టు దిక్కున విలువ ఎంత? ఏ ముఖం మీద?" అని మూడే ప్రశ్నలు. ఆ కుర్రాడు మూడో రోజున స్వయంగా వచ్చాడు. ముఖం చిన్నబోయి ఉంది. "ప్రోగ్రాము మొదట చూపించే దిక్కునే ఉంచేశానండీ, మార్చాలని తోచలేదు" అని ఒప్పుకున్నాడు. మళ్లీ పటం తీస్తే ట్యాంకు చుట్టూ ఎర్రటి పట్టీ వచ్చింది. అడుగు నుంచి సుమారు మీటరున్నర ఎత్తున, మీటరుకు పదహారు టన్నుల లాగుడు. అంటే చదరపు సెంటీమీటరుకు ఎనిమిది కిలోలు. ఇప్పుడున్న నాలుగు మీటర్లకు అది పదకొండున్నర టన్నులు. చువ్వలు వేసింది దానికి సరిపడానే. నీటి లోతు పాతిక శాతం పెంచితే చుట్టు లాగుడు నలభై శాతం దాకా పెరుగుతోందన్నమాట. గోడ పెంచే ఆలోచన మానేశాం. పగుళ్లు బాగు చేయించి, నేల మీద మరో చిన్న ట్యాంకు కట్టించాం. ఖర్చు కొంత ఎక్కువైంది, తిట్లు కూడా కొన్ని పడ్డాయి. ఫరవాలేదు. సాయంత్రం ఆ బల్లల మీద ఇప్పుడు నిశ్చింతగా కూర్చుంటున్నాను.

కమిటీలో కొందరు ఆ కుర్రాడి మీద ఫిర్యాదు చేద్దామన్నారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అప్పుడు చెప్పలేదు. ఈ సభలో చెబుతాను.

1984లో నేను సీనియర్ అసిస్టెంటును. మా ఆఫీసు అటెండరు ఒకతను సర్వీసులో ఉండగానే పోయాడు. అతను ఇంటి అప్పు వాయిదాలు అన్నీ కట్టాడు. వాటిలో కొన్ని నేను పండుగ అడ్వాన్సు గడిలో వేశాను. మొత్తం సరిపోయింది, కనుక ఎవరికీ తెలియలేదు. ఇంటి అప్పు మాత్రం బాకీ ఉన్నట్టు కనబడి, గ్రాట్యుటీ ఆగిపోయింది. అతని భార్య చంకన బిడ్డతో ఏడు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగింది. "వచ్చే వారం రామ్మా" అని ఆమెతో చెప్పినవాడిని నేనే. ఒకనాడు లెడ్జరు తిరగేస్తుంటే నా చేతిరాత నాకే కనబడింది. వెంటనే సరిదిద్ది, డబ్బు ఇప్పించాను. నోట్ ఫైలులో మాత్రం "పొరపాటున వేరొక పద్దు కింద నమోదైనది" అని రాశాను. ఎవరి పొరపాటో రాయలేదు. ఆమెకూ చెప్పలేదు. ఆమె వెళ్తూ వెళ్తూ నాకే దండం పెట్టింది.

ఆ కుర్రాడు మూడో రోజున వచ్చి నా పొరపాటే అన్నాడు. నాకు ఆ మాట అనడానికి నలభై ఏళ్లు పట్టింది. అతని మీద ఫిర్యాదు రాయడానికి నా చెయ్యి ఎలా వస్తుంది?

మిత్రులారా, మనలో చాలామంది అపార్టుమెంటు సంఘాల్లో, గుడి కమిటీల్లో, స్కూలు కమిటీల్లో ఉన్నాం. వయసు మీద గౌరవంతో సంతకాలు మన చేత పెట్టిస్తారు. ఇలాంటి రంగుల నివేదిక మీ చేతికొస్తే భయపడకండి, మురిసిపోకండి. నాలుగు మాటలు అడగండి. ఈ అంకె ఏ దిక్కుది? వంపు తిరిగిన చోట ఆ దిక్కు వంపుతో పాటు తిరిగిందా? ఏ ముఖం మీద, లాగుడా నొక్కుడా? ఒక కాగితం మీద చేతి లెక్క వేస్తే దగ్గరగా వస్తుందా? ఈ ప్రశ్నలకు ఇంజనీరింగు డిగ్రీ అక్కరలేదు. మంచి ఇంజనీరు ఎవరూ వీటికి కోపం తెచ్చుకోడు. సంతోషిస్తాడు. అడిగాక తెలియలేదంటే తెలిసేదాకా సంతకం పెట్టకండి.

మా మనవరాలు తిరిగి వెళ్లేటప్పుడు, "తాతయ్యా, నువ్వు ఇంజనీరువై ఉండాల్సింది" అంది. అది ప్రేమతో అన్న మాట. నేను చేసింది గుమాస్తా పనే. శీర్షిక చూసి, అర్థం కాకపోతే అడిగాను. 1984లో కూడా అంత మాత్రం చేసి ఉంటే బాగుండేది.